మనవాళ్ళే కదా అని బిల్లు వదిలేయమనకండి

ఈసారి పదో తరగతిలో తెలుగు పరీక్ష గురించి కాదు, ఉగాది మండపం గురించీ కాదు. డబ్బు గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగుగానే ఉంటుంది. తీరిగ్గా చదవండి, ఇంట్లో పిల్లలకు చదివి వినిపించండి. నేను తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి, తెలుగు రాత మా నాయన ఇంట్లో నేర్పింది. అందుకే నాకు పెద్ద పెద్ద మాటలు రావు. ఈ విషయానికి అవి అక్కర్లేదు కూడా.

మన ఇళ్ళల్లో నెల జీతం లేని పిల్లలు ఎక్కువయ్యారు. పని లేదని కాదు, పని ఉంది. ఒకమ్మాయి తమిళ ప్రకటనలను తెలుగులోకి మారుస్తుంది. ఒకబ్బాయి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఇంకొకడు వెబ్‌సైట్లు కడతాడు, ఇంకొకామె సబ్‌టైటిల్స్ రాస్తుంది, డీటీపీ చేస్తుంది. రెండు భాషలు పుట్టుకతో వచ్చిన మనకు అనువాదం అన్నది తాతలిచ్చిన ఆస్తి లాంటిది. చెన్నైలోనూ, కోయంబత్తూరులోనూ, హోసూరులోనూ దాని మీద బతికే పిల్లలు మన సంఘంలోనే ఉన్నారు. ఫ్రీలాన్స్ అంటారు. వీళ్ళందరికీ ఉన్న జబ్బు ఒక్కటే. బిల్లు పంపిస్తారు, డబ్బు రాదు.

మా చిన్నాయన మనవరాలు ఒకతె ఈ పనే చేస్తుంది. ఒక వ్యాపారి, మన తెలుగాయనే, తన షాపుల కేటలాగు, ప్రకటనల మాటలు అన్నీ ఆమె చేత తెలుగు చేయించుకున్నాడు. బిల్లు 62,000 రూపాయలు. పద్నాలుగు నెలలు తిప్పాడు. ఆమె సంఘంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెప్పుకుంటే వచ్చిన జవాబు, "ఆయన మన ఉగాదికి చందా ఇచ్చే మనిషమ్మా, పోనీలే, అడ్జస్ట్ చేసుకో."

నా కోపమంతా ఆ అడ్జస్ట్ అనే మాట మీదే. అప్పు తీర్చాల్సినవాడికి ఎవరూ అడ్జస్ట్ చేసుకోమని చెప్పరు. చెప్పేది ఎప్పుడూ రావాల్సినవాళ్ళకే. అదీ వయసులో చిన్నవాళ్ళు, ఆడపిల్లలు అయితే ఇంకా సులువుగా చెబుతాం.

నేను సర్వీసులో చాలా ఏళ్ళు గూడ్స్ షెడ్డులో గుమాస్తాగా ఉన్నాను. వ్యాగన్ వచ్చి నిలబడితే సరుకు దించుకోవడానికి ఇంత అని ఫ్రీ టైమ్ ఉంటుంది. అది దాటితే గంటకింత అని డెమరేజ్ పడుతుంది. దించిన సరుకు షెడ్డులోనే వదిలేస్తే వార్ఫేజ్ వేరే. వ్యాపారి మావాడా, మీవాడా, స్టేషన్ మాస్టరుకు బంధువా అని రిజిస్టరులో కాలమ్ లేదు. ఆ రోజుల్లో వ్యాపారులు మమ్మల్ని తిట్టుకున్నారు గానీ అడిగినందుకు ఎవరూ మమ్మల్ని సిగ్గులేనివాళ్ళు అనలేదు. రైల్వే అడిగితే న్యాయం, ఇరవై నాలుగేళ్ళ పిల్ల అడిగితే మొండితనం. ఇదేం లెక్క?

అక్కడే ఇంకొకటి కూడా చూశాను. రైల్వే మీద సరుకు పోయిందని, పాడైందని క్లెయిమ్ వేయాలంటే సరుకు అప్పజెప్పిన ఆరు నెలల్లోపల రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రైల్వే చట్టంలో అలాగే ఉంది. నిజంగా నష్టపోయినవాళ్ళు కూడా ఏడో నెలలో వచ్చి, అయ్యా మీ సారు చూస్తానన్నారు కదా అని నిలబడేవారు. వాళ్ళది అబద్ధం కాదు. తేదీ దాటింది, అంతే. బిల్లుల విషయంలో మన పిల్లలు చేస్తున్నది కూడా అదే. చూస్తానన్నారు కదా అని కూర్చుంటున్నారు.

కాబట్టి మొదట తేదీ సంగతి. చేసిన పనికి డబ్బు కోసం కోర్టుకు వెళ్ళాలంటే కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్ళు. గడువేదీ రాసుకోకపోతే పని ముగించి ఇచ్చిన రోజు నుంచి లెక్క. ఇన్ని రోజుల్లో ఇస్తానని రాసుకుని ఉంటే ఆ రోజులు దాటినప్పటి నుంచి లెక్క. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. నెల నెలా గుర్తు చేస్తూ మనం పంపే మెసేజీల వల్ల ఈ మూడేళ్ళు పెరగవు. నూరు రిమైండర్లు పంపినా పెరగవు. అవతలివాడు, అవును నేను ఇంత బాకీ ఉన్నాను అని మూడేళ్ళ లోపల రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. కొంత కట్టి, కట్టినట్టు తన చేతి రాత గానీ సంతకం గానీ ఇచ్చినా అంతే. అందుకని ఇవ్వనివాడి దగ్గర డబ్బు రాబట్టలేకపోతే కనీసం ఒక ఉత్తరం రాబట్టండి. "మీ లెక్కలో నా బాకీ ఎంతో ఖాయం చేయండి" అని మర్యాదగా అడిగితే చాలామంది రాసిస్తారు. వాట్సాపులో బొటనవేలు బొమ్మ పెట్టాడని దాన్ని నమ్ముకోవద్దు. పేరు, తేదీ, మొత్తం ఉన్న మెయిలు మేలు, సంతకం ఉన్న కాగితం ఇంకా మేలు.

"అగ్రిమెంటు లేదు పెద్దనాయనా, ఫోనులో చెప్పి చేయించుకున్నారు" అని మా పిల్ల అంది. నోటిమాట ఒప్పందం కూడా మన దేశంలో ఒప్పందమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షన్ అని ఒకటుంది. ఊరికే చేసిపెట్టే ఉద్దేశం లేకుండా న్యాయంగా ఒకరు పని చేసిపెడితే, ఆ పని వల్ల లాభం పొందినవాడు దానికి ప్రతిఫలం ఇవ్వాలని దాని సారం. మా పిల్ల రాసిన తెలుగు ఆయన షాపు బోర్డుల మీద వేలాడుతూనే ఉంది. కాబట్టి అగ్రిమెంటు లేదని ఎవరూ నీరసపడొద్దు. రుజువులు పోగొట్టుకోవద్దు, అంతే. ఫోను మార్చేటప్పుడు పాత చాట్లు పోతాయి. వాటిని దాచుకోండి. కోర్టులో మెయిలు, వాట్సాపు చూపించాలంటే ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతపరచాలి. దాని సంగతి లాయరు చూసుకుంటాడు, మన దగ్గర అసలు సరుకు ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన పిల్లల్లో పదిమందికి ఒకరికి కూడా తెలియని తలుపు ఒకటుంది. చిన్న పరిశ్రమల అభివృద్ధి చట్టం, 2006లో వచ్చింది. పరిశ్రమ అనగానే లేత్ మెషీను, పొగగొట్టం గుర్తొస్తాయి. అలా కాదు. ఇంట్లో ఒక కంప్యూటరు పెట్టుకుని అనువాదం చేసే పిల్ల కూడా ఆ చట్టం లెక్కలో సేవలందించే సూక్ష్మ సంస్థే. ఉద్యమ్ అనే రిజిస్ట్రేషన్ 2020 జూలై నుంచి ఉంది. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, ప్రభుత్వం పైసా తీసుకోదు. డబ్బు అడిగే వెబ్‌సైట్లు కనబడతాయి, అవి బ్రోకర్లవి. వాటి జోలికి పోవద్దు.

ఆ నంబరు ఉంటే ఏమిటి లాభం? ముందు గడువు. రాతపూర్వక ఒప్పందం ఉన్నా పని స్వీకరించిన రోజు నుంచి 45 రోజులకు మించి సాగదీయడానికి వీల్లేదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. పని అందుకున్నాక 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఇచ్చిన రోజే స్వీకరించినట్టు. ఇది నాకు చాలా నచ్చిన నిబంధన. ఆరు నెలలు పని వాడుకుని, డబ్బు అడిగినప్పుడు మాత్రం "క్వాలిటీ బాగా లేదు" అనేవాళ్ళకు ఇదే జవాబు.

తర్వాత వడ్డీ. రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, అదీ నెల నెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు ఆరు శాతం అనుకుందాం. మూడింతలంటే పద్దెనిమిది. 40,000 రూపాయల బిల్లు ఏడాది ఆలస్యమైతే వడ్డీ ఒక్కటే సుమారు 7,800 అవుతుంది. మనం అడిగి వేయించుకునే వడ్డీ కాదిది, చట్టమే వేసింది.

ఇవ్వకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్ అని ఉంటుంది, పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. తమిళనాడులో చెన్నై, కోయంబత్తూరు, మదురై, తిరుచ్చిలో ఈ కౌన్సిళ్ళు ఉన్నాయి. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే మధ్యవర్తి తీర్పుకు వెళుతుంది. పని ఇచ్చినవాడు ముంబైలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా పని చేసినవాళ్ళ ఊరి కౌన్సిల్‌కే అధికారం ఉంది. అంటే వాడే ఇక్కడికి రావాలి. మామూలు సివిల్ కేసులో మన పిల్లలు భయపడేది ఆ ఊరు ఈ ఊరు తిరగడానికే కదా. తీర్పు నచ్చక కోర్టులో సవాలు చేయాలంటే వాడు ముందు 75 శాతం డబ్బు కట్టి రావాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో రాసి ఉంది. రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి టైమ్‌టేబుల్‌కూ రాకకూ ఉన్న తేడా నాకు తెలుసు. ఆలస్యం అవుతుంది, అయినా మున్సిఫ్ కోర్టు వాయిదాలకంటే నయం.

ఇంకొక చిన్న ఆయుధం. 2023 ఆర్థిక చట్టంతో ఆదాయపు పన్నులో ఒక మార్పు వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఈ గడువు లోపల డబ్బు ఇవ్వకపోతే, ఆ ఖర్చును పని ఇచ్చినవాడు తన లాభంలోంచి అప్పుడే తగ్గించుకోలేడు. నిజంగా చెల్లించిన ఏడాదే తగ్గించుకోవాలి. మార్చి నెల వస్తే వాళ్ళ ఆడిటరే వాళ్ళను తరుముతాడు. అందుకే ఉద్యమ్ నంబరును బిల్లు మీద పెద్ద అక్షరాలతో వేయండి. కొందరు లాయరు నోటీసుకు జంకరు గానీ ఆడిటరుకు జంకుతారు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. రిజిస్ట్రేషన్ పనికి ముందే ఉండాలి. పని చేసి, బిల్లు ఆగిపోయి, అప్పుడు పోయి రిజిస్టరు చేసుకుంటే పాత బిల్లుకు పనికిరాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. దాని మీద కోర్టుల్లో వాదనలు ఇంకా నడుస్తున్నాయి, కానీ వాదన మీద ఆధారపడి బతకడం ఎందుకు? మా పిల్ల చిక్కుకున్నది ఇక్కడే. ఆమెకు నంబరు లేదు. 62,000 రూపాయల బిల్లుకు ఈ తలుపు మూసుకుపోయింది. ఇంకొకటి, కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఇచ్చినా అది బ్యాంకు అప్పుల కోసం మాత్రమే, ఈ బాకీ నిబంధనలు వాళ్ళకు వర్తించవు. సేవలు అందించేవాళ్ళకు, తయారు చేసేవాళ్ళకు వర్తిస్తాయి.

మరి ఆమె ఏం చేసింది? నేను ఆమెను ముందు 26ఏఎస్ తీసి చూపించమన్నాను. పాన్ మీద ఎవరెవరు ఎంత టీడీఎస్ పట్టారో చూపించే కాగితం అది. చూస్తే ఆ వ్యాపారి పేరు మీద పది శాతం, 6,200 రూపాయలు కట్టి ఉంది. అంటే ఆయన ఈ పిల్ల బిల్లును తన లెక్కల్లో ఖర్చుగా రాసుకున్నాడు, ప్రభుత్వానికి పన్ను కట్టాడు, పిల్లకు మాత్రం "బిల్లు ఇంకా పాస్ కాలేదమ్మా" అని చెబుతున్నాడు. ఆ ఒక్క వరుస ఏ అగ్రిమెంటుకూ తీసిపోదు. లాయరు నోటీసులో ఆ వరుసను రాయించాం. వడ్డీ కూడా రాతపూర్వకంగా అడిగాం, ఎందుకంటే వడ్డీ ఒప్పందం లేనప్పుడు వడ్డీ చట్టం కింద నోటీసు ఇచ్చిన తేదీ నుంచి అడిగే వీలుంటుంది. స్పీడు పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచాం. మూడు వారాల్లో 40,000 వచ్చింది. మిగిలినదానికి తేదీ వేసి మెయిలు పెట్టాడు. ఆ తేదీ ఇంకా రాలేదు. వచ్చాక చూస్తాం.

అది కూడా రాకపోతే సివిల్ దావా ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నవాళ్ళకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డరు కింద సమ్మరీ దావా అని ఒకటుంది. మామూలు దావాలో అవతలివాడు జవాబు వేసి ఏళ్ళ తరబడి నడిపించగలడు. దీంట్లో పది రోజుల్లో హాజరు కావాలి, తర్వాత వాదించుకోవడానికే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. సరైన కారణం చూపలేకపోతే డిక్రీ. తమిళనాడులో కోర్టు ఫీజు ఏడున్నర శాతం ఉండేది, 2017లో మూడు శాతం చేశారు. బెంగళూరు వైపు ఉన్న మన సభ్యులు అక్కడి లెక్క అక్కడ అడిగి తెలుసుకోండి. మూడు లక్షలు దాటిన వ్యాపార బాకీ అయితే కమర్షియల్ కోర్టు, అత్యవసర ఉత్తర్వు అవసరం లేకపోతే దానికి ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి.

ఎనిమిది వేలు, పదివేల బిల్లుకు కోర్టుకు వెళ్ళమని నేను చెప్పను. లాయరు ఫీజుకే సరిపోతుంది. అలాంటివాటికి కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవల కమిటీలో, దావా వేయకముందే లోక్ అదాలత్ కోసం అర్జీ పెట్టవచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఇది మన ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కాకపోతే అవతలివాడు రావాలి, ఒప్పుకోవాలి. రాకపోతే చేసేది లేదు.

చెక్కు ఇచ్చి అది తిరిగొస్తే మాత్రం కథ వేరు. అక్కడ తేదీలు కత్తి లాంటివి. బ్యాంకు తిప్పి పంపిన సంగతి తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో వాడు కట్టకపోతే, ఆ తర్వాత నెల లోపల కేసు వేయాలి. రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "మళ్ళీ వేయండి, ఈసారి పాస్ అవుతుంది" అని నాన్చితే రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండండి. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలలే దానికి ప్రాణం.

పోలీసు స్టేషనుకు వెళ్ళమని సలహా ఇచ్చేవాళ్ళు మనలో ఎక్కువ. తెలిసిన ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, పిలిచి ఒక మాట చెప్పిస్తా అంటారు. దానికి మన ఊళ్ళలో ఉన్న పేరు కట్ట పంచాయత్తు. డబ్బు ఇవ్వకపోవడం ఒక్కటే మోసం నేరం కాదు, మొదటినుంచీ ఎగ్గొట్టాలనే ఉద్దేశంతోనే పని చేయించుకున్నాడని చూపించగలగాలి. ఈరోజు మన పిల్ల కోసం పిలిచే ఇన్‌స్పెక్టరు రేపు ఎదుటివాడి కోసం మన పిల్లను పిలుస్తాడు. వినియోగదారుల కోర్టు కూడా దీనికి కాదు. అది సేవ కొన్నవాళ్ళకు, సేవ చేసినవాళ్ళకు కాదు. విదేశీ క్లయింట్ల గురించి అడుగుతారు కొందరు. సగం డబ్బు ముందు తీసుకోండి, నా దగ్గర ఇంకో మందు లేదు.

అనువాదం, రచన చేసే పిల్లలకు ఒక మాట అదనంగా. ఉద్యోగి కానివాళ్ళు రాసిన రాత మీద కాపీరైటు మొదట రాసినవాళ్ళదే. ఇంకొకరికి వెళ్ళాలంటే రాతపూర్వకంగా రాసివ్వాలి. కాబట్టి బిల్లు కింద ఒక వాక్యం వేయండి, పూర్తి డబ్బు అందాకే హక్కులు బదిలీ అవుతాయని. ఫోటోలు తీసేవాళ్ళకు, వీడియోవాళ్ళకు ఇది పనిచేయదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, సినిమా మీద వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాడికే మొదటి హక్కు. అందుకని వాళ్ళు అసలు ఫైళ్ళు చేతిలో పెట్టేముందే బాకీ తేల్చుకోవాలి.

ఇదంతా రాసింది పిల్లలను కోర్టుల చుట్టూ తిప్పడానికి కాదు. కమిటీకి కొన్ని విషయాలు అడగాలని. మొదటిది, ఒక ఆదివారం మన హాలులో నాలుగు కంప్యూటర్లు పెట్టి, సొంతంగా పనిచేసుకునే పిల్లలందరికీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆధార్, ఆధార్‌కు జతచేసిన ఫోను, పాన్, బ్యాంకు వివరాలు తెచ్చుకుంటే చాలు. నేను పొద్దున తొమ్మిదికే వచ్చి కూర్చుంటాను. రెండోది, బాకీ పంచాయితీ సంఘానికి వస్తే చందా ఇచ్చే మనిషి అనే మాట ఎవరి నోటా రాకూడదు. చందా ఆయన డబ్బు, ఆ 62,000 ఆయన డబ్బు కాదు. ఒక పిల్ల కష్టాన్ని ఆపుకుని మన పందిట్లో దీపం వెలిగిస్తే ఆ దీపం ఎవరిది?

మూడోది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. పోయిన ఉగాది సంచికకు పేజీలు కట్టిన డీటీపీ అబ్బాయికి మన సంఘం ఇంకా 11,500 రూపాయలు ఇవ్వాలి. ఎనిమిది నెలలైంది. అతను ఒక్కసారే అడిగాడట, ట్రెజరర్ ఊళ్ళో లేరని చెప్పి పంపారట. ఈ నెల మీటింగులో మొదటి అంశంగా దీన్ని పెట్టమని సెక్రటరీ గారికి నిన్న రాతపూర్వకంగా ఇచ్చాను. అందుకున్నట్టు తేదీ వేయించి సంతకం కూడా తీసుకున్నాను.